చదువుకో గూడు

ఇంట్లో దేవుడికో మూల ఉంటుంది. టీవీకో గోడ ఉంటుంది. బియ్యం డబ్బాకీ, గ్యాస్ బండకీ, చెప్పుల స్టాండుకీ దేని చోటు దానికుంటుంది. మరి చదువుకునే పిల్లలకి? అన్నాలకి వేళయ్యేదాకా డైనింగ్ టేబుల్ మీద ఓ కొస. ఆ తర్వాత ఒళ్లో దిండు పెట్టుకుని మంచమ్మీద. పరీక్షలు దగ్గరపడితే మేడమీద నీళ్ల ట్యాంకు నీడ. 'చదువుకో... చదువుకో' అని రోజుకి పదిసార్లు చెప్పే ఇళ్లలో కూడా, 'ఎక్కడ?' అని ఎదురడిగితే ఠక్కున చూపించే చోటు ఉండదు.

ఆ 'ఎక్కడ'కి ఇంగ్లిషులో ఓ బుల్లి మాట ఉంది. క్యారెల్. గ్రంథాలయంలో ఒక్క మనిషి కూర్చుని చదువుకోవడానికి అమర్చిన చోటు అని దానర్థం. అమెరికాలోనో బ్రిటన్‌లోనో చదువుతున్న పిల్లలు ఫోన్లో 'నాకు లైబ్రరీలో క్యారెల్ ఇచ్చారు' అంటే, అది తినేదో తొక్కేదో అర్థంకాక 'జాగ్రత్తగా వాడుకో నాన్నా' అని ఊరుకున్న అమ్మానాన్నలు ఉండే ఉంటారు!

చూడ్డానికి మూడు చెక్కలూ ఓ బల్లా. కానీ దీని వెనక కొన్ని వందల ఏళ్ల కథ ఉంది. ఆ కథలో ఇప్పటి మన స్టడీహాళ్లకి బాగా పనికొచ్చే సంగతి కూడా ఒకటుంది.

మూడు పక్కలా అడ్డు

ముందు అర్థం సంగతి. క్యారెల్ అంటే గది కాదు. తలుపేసుకుని గడియ పెట్టుకునే ఏర్పాటు దానికి తప్పనిసరి కాదు. ఉత్త బల్ల కూడా కాదు. బల్లకి ఎదురుగానూ రెండు పక్కలా కూర్చున్న మనిషి తలెత్తు దాకా చెక్కలు లేస్తాయి. వెనక వైపు తెరిచే ఉంటుంది. కాస్త పైన ఓ చిన్న అర, ఓ దీపం. కూర్చున్నవాళ్లకి పక్కవాళ్లు కనబడరు, అలాగని మనుషుల మధ్య లేనట్టూ ఉండదు. పేజీలు తిప్పే చప్పుడు, ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు వినిపిస్తూనే ఉంటాయి. ఒంటరితనం కాదు, ఏకాంతం. ఈ రెంటికీ ఉన్న తేడాయే క్యారెల్.

విదేశీ విశ్వవిద్యాలయాల్లో ఇవి రెండు రకాలు. ముందొచ్చినవాళ్లు కూర్చునేవి ఒకటి. రెండోది పరిశోధన చేసేవాళ్లకి సెమిస్టర్‌కో ఏడాదికో పేరు రాసి ఇచ్చేది. ఈ రెండో రకంలో పుస్తకాలు అక్కడే ఉంచుకుని మర్నాడు వచ్చి ఆపిన పేజీ దగ్గర మొదలెట్టొచ్చు. కాకపోతే ఆ పుస్తకాలు మన పేరుమీద రాయించుకుని ఉండాలి. రాయించకపోతే చాలాచోట్ల సిబ్బంది వచ్చి తీసుకుపోయి అరల్లో సర్దేస్తారు.

క్యారెల్‌లలో 'తడి', 'పొడి' అని కూడా ఉన్నాయి. తడి చెత్త, పొడి చెత్త గుర్తొస్తే ఆ తప్పు మున్సిపాలిటీ వాళ్లది! ఇక్కడ నీళ్లతో పనేం లేదు. కరెంటు ప్లగ్గు, టేపు రికార్డరు, కంప్యూటరు లాంటివి అమర్చినది తడి క్యారెల్. ఉత్త బల్లా కుర్చీ ఉన్నది పొడి క్యారెల్. భాషలు నేర్పే ల్యాబులు వచ్చిన రోజుల్లో విద్యారంగంలో ఈ మాటలు బాగా వాడేవారు. ఇప్పుడు ప్రతి బల్ల దగ్గరా ప్లగ్గు ఉంటోంది కాబట్టి ఆ తేడా చెప్పుకోవలసిన అవసరం తగ్గిపోయింది.

పలకడం 'బ్యారెల్' లాగానే. స్పెల్లింగ్‌లో ఆర్‌లు రెండు, ఎల్ ఒకటి. చివర రెండు ఎల్‌లు రాసేవాళ్లూ ఉన్నారు, అదీ తప్పు కాదు. దీన్ని దగ్గరి మాటలతో కలిపేస్తేనే చిక్కు. కోరల్ అంటే పగడం. కరాల్ అంటే పశువుల దొడ్డి. 'లైబ్రరీలో నాకో కరాల్ కావాలి' అని రాస్తే లైబ్రేరియన్ పచ్చగడ్డి ఎక్కడ దొరుకుతుందా అని వెతుక్కోవాలి.

పోనీ క్యూబికల్ అంటే? అది లాటిన్‌లో 'పడుకోవడం' అనే మాటలోంచి వచ్చింది. అసలు అర్థం పడకగది. పగలంతా కళ్లు చిల్లులు పడేలా పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల చోటుకి నిద్రపోయే గది పేరు దక్కడం భాష వేసిన జోకు. బూత్ అంటే పోలింగ్ బూత్, టోల్ బూత్ లాగా పని చూసుకుని వెళ్లిపోయే చోటు. ఆల్కోవ్ అంటే గది గోడలో లోపలికి పోయిన భాగం. అరబ్బీలో గుమ్మటానికి ఉన్న పేరు స్పెయిన్ మీదుగా వచ్చి అలా మారింది. వీటన్నిటిలో చదువు కోసమే నిలిచిపోయిన మాట క్యారెల్ ఒక్కటే.

ఆటలోంచి పుట్టిన ఏకాంతం

క్రిస్మస్‌కి పాడే క్యారల్స్ తెలుసు కదా. నిఘంటువులు చెప్పేదాని ప్రకారం ఆ పాటా ఈ బల్లా ఒక తల్లి బిడ్డలే. పాత ఫ్రెంచిలో 'కారోల్' అంటే చేయీ చేయీ పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పాడే ఆట. మన బతుకమ్మ చుట్టూ, గొబ్బెమ్మల చుట్టూ తిరిగినట్టన్న మాట. ఆ ఆటలో పాడేది క్యారల్ అయింది. ఆటలో ఏర్పడే వలయానికీ అదే పేరు పడింది. ఇంగ్లండులోని స్టోన్‌హెంజ్ రాళ్ల వలయాన్ని కూడా మధ్యయుగాల వాళ్లు ఈ మాటతో పిలిచారు. వలయం నుంచి 'చుట్టూ అడ్డు ఉన్న చోటు' అనే అర్థం, అందులోంచి 'ఒక మనిషి చదువుకోవడానికి అడ్డుకట్టిన చోటు' అనే అర్థం వచ్చాయి.

పదిమంది చేతులు కలిపితే వచ్చిన వలయం చివరికి ఒక్క మనిషి చుట్టూ మూడు చెక్కలైంది. మాటలు ఇలాగే ప్రయాణం చేస్తాయి. కానీ ఈ ప్రయాణంలో పాత అర్థం పూర్తిగా పోలేదనిపిస్తుంది. క్యారెల్ ఎప్పుడూ ఒక్కటే ఉండదు. వరసగా ఉంటాయి. పక్కన ఇంకొకరు చదువుకుంటున్నారన్న తెలివిడి, కనబడని చెయ్యి పట్టుకున్నట్టే.

కిటికీకి ముగ్గురు

అసలు క్యారెల్‌లు ఎలా ఉండేవో చూడాలంటే ఇంగ్లండులోని డరమ్ వెళ్లాలి. అక్కడ పెద్ద క్రైస్తవ మఠం ఉండేది. ఎనిమిదో హెన్రీ రాజు మఠాలు మూయించేసినప్పుడు 1539 ఆఖరున అదీ మూతపడింది. అంతకుముందు అక్కడి జీవితం ఎలా సాగేదో 1593లో ఒకరు పూసగుచ్చినట్టు రాసిపెట్టారు. 'రైట్స్ ఆఫ్ డరమ్' అని ఆ పుస్తకం పేరు.

మఠం మధ్యలో చతురస్రంగా ఆకుపచ్చటి ఖాళీ స్థలం. దాని చుట్టూ నాలుగు వైపులా కప్పుతో వసారాలు. మన మండువా ఇళ్లు చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఉత్తరపు వసారాకి కిటికీల నిండా అద్దాలు బిగించారు. ఒక్కో కిటికీ దగ్గర మూడేసి క్యారెల్‌లు. మఠంలో పెద్దవాళ్లయిన సన్యాసులకి ఒక్కొక్కరికి ఒక్కోటి. మధ్యాహ్నం భోజనాలయ్యాక వాళ్లు వచ్చి ఎవరి చోట్లో వాళ్లు కూర్చుని సాయంత్రం ప్రార్థన గంట దాకా చదువుకునేవారు. చుట్టూ చెక్క పలకలు. ముందువైపు వెలుతురు వచ్చేలా చెక్కిన నగిషీ. లోపల పుస్తకం పెట్టుకునే ఓ బల్ల. వెడల్పు ఎంతంటే, కిటికీలో ఒక నిలువు కమ్మీ నుంచి ఇంకో కమ్మీ దాకా!

ఈ కొలత గమనించాలి. మనిషికి ఇన్ని అడుగులు అని కొలవలేదు. కిటికీతో కొలిచారు. అంటే చోటు ఇవ్వడమంటే వెలుతురులో వాటా ఇవ్వడమని అర్థం. విద్యుద్దీపాలు లేని కాలం, కొవ్వొత్తి ఖరీదైన వస్తువు, పైగా పుస్తకాల దగ్గర నిప్పంటే భయం. పగటి వెలుతురే దిక్కు.

గ్లోస్టర్ కెథీడ్రల్‌లో అయితే రాతితో కట్టినవే ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. దక్షిణపు వసారాలో వరసగా 20. ఒక్కోటి సుమారు 4 అడుగుల వెడల్పు. ప్రతిదానికీ ఓ చిన్న కిటికీ. 14వ శతాబ్దం రెండో సగంలో మొదలైన పని అది. హ్యారీ పోటర్ సినిమాలు చూసిన పిల్లలకి ఈ చోటు కొత్తేం కాదు. హాగ్‌వర్ట్స్ బడి వసారాలుగా తెరమీద కనబడినవాటిలో కొన్ని గ్లోస్టర్‌వే.

మన ఇంటి చుట్టం

డరమ్ వివరాల్లో ఇంకో ముక్క ఉంది. క్యారెల్‌ల ఎదురుగా, గోడ పొడుగునా పెద్ద పెద్ద చెక్క బీరువాలుండేవి. వాటి నిండా పుస్తకాలు. చదువుకునే మనిషి కావలసినప్పుడు లేచి నాలుగడుగులు వేసి తెచ్చుకోవచ్చు. ఆ బీరువాలకి ఆ పుస్తకంలో వాడిన పేరు 'ఆల్మెరీ'.

ఎక్కడో విన్నట్టుంది కదూ! లాటిన్‌లో 'ఆర్మారియం' అంటే సామాన్లు దాచే పెట్టె. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లండు చేరి ఆల్మెరీ అయింది. అదే మాట పోర్చుగీసు వాళ్ల ఓడల్లో భారతదేశపు తీరానికొచ్చి మన ఇళ్లలో అల్మారా అయింది. డరమ్ సన్యాసి పుస్తకం తెచ్చుకున్న చోటికీ, మన నాయనమ్మ పట్టుచీరలు మడతపెట్టిన చోటికీ ఒకటే పేరు. అల్మారా మన ఇంటిదాకా వచ్చింది గానీ, దాని ఎదురింట్లో ఉన్న క్యారెల్ మాత్రం ఓడ దిగలేదు.

కిటికీ, బల్ల, ఎదురుగా పుస్తకాలు. ఈ మూడూ కలిస్తేనే క్యారెల్. ఒక్క చెక్కల అడ్డు వల్ల కాదు.

అప్పుడూ ఇన్విజిలేటర్లే

సన్యాసులంటే ఎప్పుడూ చదువుమీదే ధ్యాస అనుకుంటే పొరపాటు. ఆ మఠాలన్నిటికీ ఆధారం ఆరో శతాబ్దంలో సెయింట్ బెనెడిక్ట్ రాసిన నియమావళి. రోజులో చదువుకి విడిగా గంటలు కేటాయించింది అది. మధ్యాహ్నం అందరూ పడుకున్న వేళ ఎవరైనా చదువుకోవాలనుకుంటే, పక్కవాళ్లకి ఇబ్బంది లేకుండా చదువుకోమంది. అప్పట్లో పైకి గొణుక్కుంటూ చదవడం మామూలు కాబట్టి ఆ మాట చెప్పాల్సొచ్చింది.

అంతటితో ఆగలేదు. చదువు వేళల్లో ఒకరిద్దరు పెద్దవాళ్లు మఠమంతా తిరిగి, ఎవరన్నా పుస్తకం పక్కన పడేసి కబుర్లు చెబుతున్నారేమో చూడాలని కూడా ఆ నియమావళిలో ఉంది. ఖాళీగా కూర్చున్నవాడు తనకి నష్టం చేసుకోవడమే కాదు, పక్కవాణ్నీ చెడగొడతాడని దాని భయం. ఇంటర్ హాస్టల్లో స్టడీ అవర్‌లో వరండాల్లో తిరిగే వార్డెన్‌కి వయసు పదిహేను వందల ఏళ్లన్నమాట!

మళ్లీ వెలుగులోకి

మఠాలు మూతపడ్డాక ఆ గూళ్లూ మాటా రెండూ మూలపడ్డాయి. పెద్ద హాలు, పొడవాటి బల్లలు, అందరూ ఎదురెదురుగా కూర్చునే పద్ధతి గ్రంథాలయాలకి మామూలైంది. పాత కట్టడాల గురించి రాసే పండితుల పుస్తకాల్లో తప్ప క్యారెల్ మాట వినబడలేదు.

ఇరవయ్యో శతాబ్దంలో విశ్వవిద్యాలయాలు పెరిగి, నెలల తరబడి ఒకే విషయం మీద కూర్చునే పరిశోధకులు ఎక్కువయ్యాక ఆ అవసరం మళ్లీ వచ్చింది. 1912లో టైటానిక్ ఓడతోపాటు మునిగిపోయిన హ్యారీ వైడెనర్ అనే యువకుడి పేరుమీద అతని తల్లి హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి ఓ గ్రంథాలయం కట్టించింది. 1915లో తెరిచారు. అక్కడ పుస్తకాల అరల మధ్యనే చదువుకునేవాళ్ల కోసం వందలాది చిన్న చోట్లు అమర్చారు. పుస్తకం మనిషి దగ్గరికి రావడం కాదు, మనిషే వెళ్లి పుస్తకాల మధ్య కాపురముండటం. అమెరికాలో తర్వాత కట్టిన గ్రంథాలయాల్లో ఈ ఏర్పాటు మామూలైపోయింది. దాంతోపాటే పాత మఠాల మాటా మళ్లీ చెలామణిలోకి వచ్చింది.

క్యారెల్ కోసమే ఓ భవనాన్ని ఆలోచించిన వాస్తుశిల్పి లూయీ కాన్. అహ్మదాబాద్ ఐఐఎం కట్టడాన్ని రూపొందించింది ఆయనే. అమెరికాలోని న్యూహాంప్‌షైర్‌లో ఫిలిప్స్ ఎక్సెటర్ అకాడమీ అనే బడికి ఆయన గీసిన గ్రంథాలయం 1971లో పూర్తయింది. పుస్తకం చేతిలో పట్టుకున్న మనిషి వెలుతురు వైపు నడుస్తాడు, గ్రంథాలయం అక్కడే మొదలవుతుంది అన్నది ఆయన ఆలోచన. అందుకే పుస్తకాల్ని భవనం లోపలి వైపు ఉంచి, బయటి గోడ వెంబడి చెక్క క్యారెల్‌లు పెట్టారు. ఒక్కోదానికి సొంతంగా ఓ చిన్న కిటికీ, దానికో జరిపే చెక్క తలుపు. మనసు చెదిరితే మూసుకోవచ్చు. విసుగొస్తే తెరిచి చెట్లకేసి చూడొచ్చు. కిటికీ ఎవరిది వాళ్ల చేతిలో. పదిహేనేళ్ల పిల్లలకి ఇంతకన్నా గౌరవం ఏముంటుంది?

తెలుగులో ఏమనాలి?

మన దగ్గర చదువు మొదట గుంపులోదే. వీధి అరుగుమీద బడి, గుడి మండపంలో పురాణ కాలక్షేపం. ఒకరు చదివితే పదిమంది వినేవారు. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వచ్చాయి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయాల మొదటి మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య లాంటివాళ్లు ఊరూరా గ్రంథాలయం ఉండాలని తిరిగారు. జనాన్ని చదువు దగ్గరికి తేవడమే అప్పటి పని. అందుకని మన గ్రంథాలయంలో ముందు పేపర్లు పరిచిన పెద్ద బల్ల వచ్చింది. విడిగా కూర్చునే చోటు తర్వాతి సంగతైంది.

కానీ తెలుగులో ఓ తమాషా ఉంది. 'చదవడం' వేరు, 'చదువుకోవడం' వేరు. పేపరు చదువుతాం, ఉత్తరం చదువుతాం. బీయే మాత్రం 'చదువుకున్నాడు' అంటాం. వండడం, వండుకోవడం... రాయడం, రాసుకోవడం... ఆ 'కో' చేరితే పని ఎవరికోసమో కాకుండా తన కోసమవుతుంది. చదువుకున్నవాడంటే తన కోసం చదువు సంపాదించుకున్నవాడు. ఇంగ్లిషువాళ్లు ఆ పనికి ఓ చోటు కట్టి దానికి పేరు పెట్టారు. మనం చోటు కట్టలేదు గానీ, ఆ తేడాని క్రియాపదంలోనే దాచుకున్నాం.

మరి పేరు? 'వ్యక్తిగత పఠన ప్రకోష్ఠం' అంటే పిల్లలు గ్రంథాలయం మెట్లెక్కకుండానే పారిపోతారు. తెలుగులో చక్కటి మాట సిద్ధంగా ఉంది. గూడు. పాతిళ్లలో గోడలో దీపం పెట్టడానికి వదిలిన చోటు గూడు. దాని కిందే పిల్లలు పుస్తకం పట్టుకుని కూర్చునేవారు. పిట్ట కట్టుకునేది గూడు. కూడూ గుడ్డతోపాటు మనిషికి కావలసిందీ గూడే. వెలుతురు, వెచ్చదనం, తనదనుకునే చోటు... మూడూ ఒక్క మాటలో ఉన్నాయి. 'చదువు గూడు' అంటే ఎవరికీ నిఘంటువు అక్కర్లేదు.

కిటికీ లేని గూళ్లు

పేరు లేదు గానీ వస్తువు మాత్రం మన ఊళ్లలోకి వచ్చేసింది. హైదరాబాదులో అశోక్‌నగర్, చిక్కడపల్లి, దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట వీధుల్లో నడిస్తే 'స్టడీహాల్', 'రీడింగ్ రూమ్' బోర్డులు వరసగా కనిపిస్తాయి. గ్రూప్స్, డీఎస్సీ, ఎస్సై, బ్యాంకు పరీక్షలకి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు హాస్టల్లో ముగ్గురున్న గదిలో చదవలేక అక్కడ నెలకింత అని కట్టి కూర్చుంటారు. మూడు పక్కలా ప్లైవుడ్, ఓ లైటు, ప్లగ్గు, కుర్చీ, నంబరు. వాళ్లు దాన్ని 'క్యాబిన్' అంటారు. నిఘంటువు తెరిస్తే అది క్యారెలే.

వాటిని తక్కువ చేసి మాట్లాడటానికి లేదు. ఇరుకు ఇళ్లనుంచీ, మాటలు ఆగని హాస్టల్ గదులనుంచీ వచ్చినవాళ్లకి ఆ మూడు చెక్కలు పెద్ద అండ. మంచి గాలీ వెలుతురూ ఉన్నవీ ఉన్నాయి. అయితే డరమ్ కొలబద్ద పెట్టి చూస్తే చాలాచోట్ల రెండు తక్కువవుతాయి. మొదటిది కిటికీ. రెండోది ఎదురుగా ఉండాల్సిన పుస్తకాల అల్మారా. క్యాబిన్‌లో చదివే పుస్తకం ఎవరిది వాళ్లు కొని తెచ్చుకోవలసిందే. చెక్కలు మాత్రం అరువు తెచ్చుకుని, కిటికీనీ పుస్తకాలనీ అక్కడే వదిలేశాం.

కిటికీ లేకపోతే ఏమైందట అనిపించొచ్చు. 2024 జులై 27న ఢిల్లీ ఓల్డ్ రాజేందర్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు సెల్లార్‌ని లైబ్రరీగా వాడుతున్నారు. సామాన్ల నిల్వకీ పార్కింగ్‌కీ అనుమతి ఉన్న చోటది. వాన నీళ్లు ఒక్కసారిగా లోపలికి ముంచుకొచ్చాయి. సివిల్స్‌కి చదువుతున్న ముగ్గురు చనిపోయారు. చదువుకోవడానికి ఓ చోటు కోసం నేల కిందికి దిగిన పిల్లలు వాళ్లు. క్యారెల్‌కి ఒక పక్క తెరిచి ఉండాలి, ఇంకో పక్క కిటికీ ఉండాలి అన్నది పాత మఠాల ముచ్చట మాత్రమే కాదని ఆ రోజు తెలిసింది.

అందుకని స్టడీహాల్లో పిల్లల్ని చేర్పించేటప్పుడు ఏసీ ఉందా, వైఫై ఉందా అని అడిగే ముందు కొన్ని చూసుకోవాలి. నేల పైన ఉందా, కిందా? గాలి ఎటునుంచి వస్తోంది? బయటికి దారి ఒకటేనా, రెండా? కరెంటు పోతే ఆ తలుపు చేత్తో తెరుచుకుంటుందా? వరసల మధ్య ఇద్దరు మనుషులు తప్పుకుని నడవగలరా? ఈ ప్రశ్నలు అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. అనుకున్నా ఫరవాలేదు.

ఇంట్లో అయితే పని ఇంకా తేలిక. వేరే గది అక్కర్లేదు. కిటికీ పక్కన నాలుగడుగులు చాలు. గ్లోస్టర్ సన్యాసులు అంతలోనే చదువుకున్నారు. టీవీ కనబడకుండా ఓ పక్క అడ్డు, చేతికందేలా ఓ అర. అన్నిటికన్నా ముఖ్యం, అన్నం వేళకి ఎవరూ ఖాళీ చేయించని చోటు కావాలి. పుస్తకం తెరిచిన పేజీలోనే మర్నాటిదాకా ఉంటే సగం చదువు అయినట్టే.

ఇక గ్రంథాలయాల మాట. చిక్కడపల్లిలోని సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్తే ఉద్యోగాల నోటిఫికేషన్ల రోజుల్లో కుర్చీ దొరకదు. చెట్ల కింద కూడా చదువుతూ కనిపిస్తారు. జిల్లా గ్రంథాలయాల్లోనూ ఈ వయసు పిల్లలే ఎక్కువ. గాలీ వెలుతురూ పుస్తకాలూ ఒకే కప్పు కింద డబ్బు కట్టకుండా దొరికే చోట్లవి. అక్కడ కిటికీల వెంబడి ఓ వరస చదువు గూళ్లు వేయడానికి పెద్ద పెద్ద భవనాలు కట్టక్కర్లేదు, ఊళ్లో ఉన్న వడ్రంగి చాలు.

అడిగే హక్కూ ఉంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంటిపన్నుతో కలిపి గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. ఇల్లున్న ప్రతి కుటుంబమూ అందులో ఎంతో కొంత కట్టినట్టే. ఈసారి పన్ను కట్టిన రసీదు చేతికొచ్చినప్పుడు ఆ గీత ఎక్కడుందో వెతకండి. అది మన పిల్లల కిటికీకి కట్టిన అద్దె.